గుర్రు మెకానిక్కు

"బావగారూ, వీడు బడి మానేస్తాడట. మీరొచ్చి నాలుగు చీవాట్లు పెట్టాలి" అని మా బావమరిది ఫోను చేశాడు. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషికి తెనాలిలో ఇంతకంటే పనేముంది? సాయంత్రం రేపల్లె బండెక్కాను. 1916 నాటి లైను అది. ఏ చీవాటు ముందు పెట్టాలో, ఏది తర్వాతో వేమూరు, భట్టిప్రోలు దాటేలోపు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

బావమరిదికి రేపల్లె అవతల రొయ్యల చెరువులున్నాయి. మేనల్లుడు పదో తరగతి. వాడికి చదువంటే కోపం లేదు, మోటార్లంటే పిచ్చి.

"గుర్రు దగ్గర వైండింగు నేర్చుకుంటా మావయ్యా."

"గుర్రేమిట్రా?"

"మెకానిక్కు. అందరూ అలాగే పిలుస్తారు."

నిద్రలో గురక పెడతాడు కాబోలు అనుకున్నాను.

భోజనాల దగ్గర మొదలుపెట్టాను. 2019లో సచివాలయాల్లో లైన్‌మన్ పోస్టులు పడ్డాయి. పెట్టిన పరీక్షలేమిటి? స్తంభం ఎక్కడం, మీటరు రీడింగు తీయడం, సైకిలు తొక్కడం. ఈ మూడూ వచ్చినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. కానీ పదో తరగతి, ఆపైన ఐటీఐయో ఒకేషనల్ ఇంటరో లేనివాణ్ణి స్తంభం దగ్గరికే రానివ్వలేదు. అంతెందుకు, గల్ఫుకు కూలికి పోవాలన్నా పది పాసైనవాడి పాస్‌పోర్టు వేరు, కానివాడి పాస్‌పోర్టు వేరు.

మేనల్లుడు పెరుగన్నం కలుపుకుంటూ అడిగాడు: "మరి మీ తెనాలి శిల్పులు 2021లో నట్లు, బోల్టులు, ఇనప తుక్కు పెట్టి 14 అడుగుల మోదీ విగ్రహం చేశారుగా. దానికి ఏ టెన్త్ పేపరు పనికొచ్చింది?"

జవాబు తోచలేదు. తోచనప్పుడు వాడే కథ ఒకటి నా దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉంది. దాన్నే బయటికి తీశాను.

"బాపట్ల దగ్గర పనిచేసే రోజుల్లో ఒక కుర్రాడు సెలవులకల్లా మేనమామ షాపులో మోటార్లు విప్పేవాడట. క్వార్టర్లీలో విద్యుత్ మోటారు పటం గీసి వివరించమన్నాను. పుస్తకంలో ఏముంది? అయస్కాంతం రెండు ధ్రువాలు, మధ్యలో తీగచుట్ట, రింగులు, బ్రష్షులు. వీడు గుండ్రంగా చక్రం గీశాడు. లోపలంతా పళ్ళు. కింద ఏం రాశాడో తెలుసా? 'మోటారులో బ్రష్షులు ఉండవు' అని! నాలుగు మార్కులకు సున్నా చుట్టాను. పుస్తకం వదిలేసి పానా పట్టుకుంటే ఇలాగే ఉంటుంది."

బావమరిది పొలమారేలా నవ్వాడు. ఈ కథకు అందరూ నవ్వుతారు.

రాత్రి రెండింటికి కేకలు. లైనులో ఒక ఫేజు పోయి, చెరువులో రెండు ఏరేటర్ల మోటార్లు కాలిపోయాయి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళ ఏరేటర్లు తిరగకపోతే పొద్దున్నకు రొయ్యంతా తేలుతుంది. మూడు నెలల మేత, అప్పు, వడ్డీ దాంతోపాటే తేలుతాయి. బావమరిదికి నోట మాట లేదు. "గుర్రుకు ఫోను చెయ్యండి" అని మేనల్లుడే అరిచాడు.

ఇరవై నిమిషాల్లో బండి మీద రెండు స్పేరు మోటార్లతో వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. "మా బావగారు. తెనాలి. మాస్టారు" అని బావమరిది చెప్పాడు. "నమస్తే మాస్టారూ" అని నీళ్ళలోకి దిగాడు. అరగంటకు చక్రాలు మళ్ళీ నీళ్ళు కొట్టాయి. మా ఇంట్లో పెళ్ళిళ్ళప్పుడు కూడా నేనంత తియ్యని చప్పుడు వినలేదు.

గట్టు మీద కాలిన మోటారు ఒకటి విప్పి మేనల్లుడికి చూపించాడు. టార్చి నేను పట్టాను. మాడిన వార్నిష్ కంపు. "ఈ చుట్ట కోసి, టర్నులు లెక్కపెట్టి, తీగ గేజి కొలుచుకుని మళ్ళీ అన్నే టర్నులు చుట్టాలి. లెక్క తప్పితే మళ్ళీ కాలుద్ది. ముందు స్లాట్లు లెక్కపెట్టు."

గుండ్రటి బాడీ. లోపలంతా పళ్ళు.

"బ్రష్షులేవి?" అన్నాడు మేనల్లుడు.

"దీనికుండవు. మీ పుస్తకంలో మోటారు వేరు, ఇది వేరు. రెండూ నిజమే."

టార్చి వెలుగు పక్కకు పోయింది. "ఇటు పట్టండి మాస్టారూ" అన్నాడు.

పట్టాను. పంతులుకు మరుపెక్కువని కాదు గానీ, తరగతికి అరవై మంది. ఏ మొహమని గుర్తుంటుంది? అయినా ఆ పరగణాలో మోటార్లు విప్పే కుర్రాళ్ళు ఒక్కడేనా?

"నన్ను పనిలో పెట్టుకుంటావా అన్నా?" మేనల్లుడు అడిగేశాడు.

"పది పాసై రా, నేర్పుతా. ఇక్కడి లైన్‌మన్ నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే. ఫేజు పోతే వాడొస్తాడు, మోటారు కాలితే నేనొస్తా. నెల జీతం మాత్రం వాడిది."

"విన్నావురా!" అన్నాను. ఇంత దూరం వచ్చినందుకు నా పక్షాన ఒక సాక్షి దొరికాడు. ఆ హుషారులోనే అడిగాను: "నువ్వెందాకా చదివావయ్యా?"

"పదో తరగతి క్వార్టర్లీ దాకా."

నేను మాట మార్చాను. "అది సరే, ఈ గుర్రు అనే పేరేమిటి? ఎవరు పెట్టారు?"

అతను పానాలు సంచిలో సర్దుకుంటున్నాడు.

"మీరేనండి. 'ఒక ఫేజు పోతే మోటారు తిరగదు, గుర్రుమంటుంది' అని కూడా రాశాను. అది మీరు క్లాసులో పైకి చదివి వినిపించారు."