నీలం నీళ్ల డిగ్రీ

ఈ ఏడు మా సండూరు తాలూకాకు కూడా ఆర్వోఐ, అంటే పెట్టుబడికి రాబడి లెక్క, వచ్చేసింది. ఇంట్లో అమ్మాయి పీయూసీలో బయాలజీ తీసుకుంటే చాలు, కరపత్రాల కట్టతో కాలేజీ కౌన్సెలర్ అరుగు మీద ప్రత్యక్షం. "ఇది ఖర్చు కాదు సార్, ఇన్వెస్ట్‌మెంటు" అంటాడు. విత్తనాల కంపెనీవాడూ అదే అంటాడు గానీ, పంట పోతే మరుసటి ఏడు ముఖం చాటేస్తాడు. ఈయనకు ఆ మొహమాటం కూడా లేదు. మరుసటి ఏడు చెల్లెలి కోసం వస్తాడు.

బండ్రి బస్టాండులో కట్టిన ఫ్లెక్సీ చూసే ఉంటారు. బీయస్సీ బయోటెక్నాలజీ, నూరు శాతం ప్లేస్‌మెంటు. తెల్లకోటు అమ్మాయి, చేతిలో గాజు కుప్పె, కుప్పెలో నీలం నీళ్లు. నా మంటంతా ఆ నీలం నీళ్ల మీదే. ఏమిటవి? మైలుతుత్తమా? మిథిలీన్ బ్లూనా? బెనెడిక్ట్ ద్రావణమంటే ఒప్పుకుంటాను, అది నీలమే. మూత్రం నాలుగు చుక్కలు వేసి వేడిచేస్తే, చక్కెర ఉన్నవాళ్లకు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆ పని పీయూసీ ప్రాక్టికల్స్‌లోనే నేర్పుతారు. దానికి మూడేళ్లూ నాలుగు లక్షలూ దేనికి?

ఎర్రనీళ్లు పెట్టొచ్చు కదా? రక్తమనుకుని తల్లులు జడుసుకుంటారు. పచ్చనివైతే చెరువు నీళ్లంటారు. నిజం ల్యాబులో ఎక్కువగా కనబడేవి రంగులేని నీళ్లే. వాటిని చూపించి ఫీజు అడగడానికి నోరు రాదు.

ఇంతకీ ఆ అమ్మాయి కుప్పె వైపు చూడదు, మన వైపు చూస్తుంది. చేతులకు గ్లవ్స్ లేవు, జుట్టు విరబోసుకుంది. ఆ అవతారంతో వెళితే ఏ ల్యాబువాడైనా గుమ్మంలోనే ఆపేస్తాడు. పైగా అదే అమ్మాయి, అదే కుప్పెతో, పక్క స్తంభం మీద నర్సింగు కాలేజీ ఫ్లెక్సీలో కూడా ఉంది. నూరు శాతం ప్లేస్‌మెంటు దొరికింది ఆమె ఒక్కతెకే.

సరే, లెక్కలంటున్నారు కాబట్టి లెక్కే వేద్దాం. నాలుగు లక్షల దాకా చదువు అప్పుకు బ్యాంకు ఆస్తి తాకట్టు అడగదు. పక్కన తండ్రి సంతకం మాత్రం తప్పదు. ఏడాదికింత చొప్పున మూడేళ్లు తీసుకుని, వడ్డీ పది శాతం అనుకోండి. చదువయ్యాక ఒక ఏడు గడువిస్తారు. గడువు మనకే, వడ్డీకి కాదు. కట్టడం మొదలుపెట్టే రోజుకు బాకీ 5 లక్షల 20 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 6,870 రూపాయలు. రోగనిర్ధారణ ల్యాబుకు వెళితే డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) ఉందా అంటారు. లేదంటే మెడికల్ రెప్పు, లేదా శాంపిలు సీసాలకు చీటీలు అంటించే పని. జీతం పద్నాలుగు వేలు అనుకున్నా సగం అక్కడికే సరి.

ఉద్యోగం దొరక్కపోతే కర్ణాటక సర్కారువారి యువనిధి ఉందిగా! 2024 జనవరిలో శివమొగ్గలో ఆర్భాటంగా మొదలుపెట్టారు. పాసై ఆరు నెలలు ఖాళీగా ఉన్న డిగ్రీవాళ్లకు నెలకు మూడు వేలు, రెండేళ్ల పాటు. మన 5 లక్షల 20 వేలకు నెల వడ్డీయే 4,333. సర్కారు ఇచ్చేది అసలు దాకా పోదు, వడ్డీకే చాలదు.

అదే ఏడు నవంబరులో పీఎం విద్యాలక్ష్మి వచ్చింది. పూచీ లేని అప్పు, 860 మేటి సంస్థలతో మొదలు. ఎరువుల కొట్టు మీది అంతస్తులో నడిచే కాలేజీవాళ్లు ఆ పట్టికలో తమ పేరు చూపించాలి మరి.

ఇక వెటకారం చాలు. ఇది దోపిడీ. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైమాటే, ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. నీట్ లాంగ్ టర్మ్ కోచింగుకే ఇళ్లల్లో డబ్బు అప్పటికి కరిగిపోయి ఉంటుంది. ఆ ఓడిపోయిన పిల్లల ఏడుపు మీద బతుకుతున్నారు ఈ కాలేజీలవాళ్లు. ఫీజు కాలేజీకి, వడ్డీ బ్యాంకుకు, నోటీసు మాత్రం తండ్రికి. మూడేళ్లయ్యాక అదే నోళ్లు "బయాలజీలో ఆర్వోఐ లేదమ్మా, కంప్యూటర్స్ తీసుకోవాల్సింది" అంటాయి. తప్పంతా పిల్లదీ, సబ్జెక్టుదీనట!

పై చదువులకు వెళ్లొచ్చు కదా అంటారా? ఎమ్మెస్సీ చేసి, నెట్‌లో జేఆర్‌ఎఫ్‌కు సరిపడా మార్కులు తెచ్చుకుంటే నెలకు 37,000 వస్తుంది, 2023 నుంచి. అంతదాకా ఇంటిని ఎవరు నడపాలి?

జీవశాస్త్రానికి పని లేదా? మా తాలూకా అంతా గనులు. 2011లో సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలు ఆపించింది, పాడైన నేలను బాగుచేయడానికని వేల కోట్లు పోగుపడ్డాయి. ఊళ్లో నీళ్లు పరీక్షించడానికి, ఎర్రదుమ్ము పడిన చేలల్లో మట్టి చూడటానికి, కొండమీద ఏ చెట్టు బతికిందో ఏది పోయిందో రాయడానికి బీయస్సీ పిల్లలు కావాలి. ఆ కొలువులకు నోటిఫికేషన్ ఎప్పుడని ఏ కౌన్సెలరూ అడగడు, ఏ ఎమ్మెల్యే నోరూ లేవదు. రోడ్డుకూ భవనానికీ మాత్రం కాంట్రాక్టరు రెడీ.

అందాకా ఆ కాలేజీలను ఒక్క పని చేయమనండి. ఫ్లెక్సీలో కాస్త జాగా చేసి, పోయిన ఏడు పాసైన పిల్లల్లో సరిగ్గా మధ్యలో నిలిచినవాడి జీతమూ, పక్కనే వాడి ఈఎంఐ కూడా అచ్చువేయాలి. అందరికన్నా పెద్ద ప్యాకేజీ ఎవరికొచ్చిందో మాకు అక్కర్లేదు. వాడు కాలేజీ ఓనరు మేనల్లుడై ఉంటాడు.