దోషం సాఫ్ట్‌వేర్‌ది, బిల్లు మీది

పెళ్ళి వీడియోలో జీలకర్ర బెల్లం ఉంది. తలంబ్రాలు ఉన్నాయి. భోజనాల దగ్గర సాంబారు బకెట్టుతో పరిగెత్తే కుర్రాడికి నిమిషంన్నర ఇచ్చారు. మాంగల్యధారణ ఉండాల్సిన చోట మాత్రం ఎర్రటి తెర. దాని మీద, ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఎవరికీ రాని భాషల్లో కూడా, ‘మీడియా ఆఫ్‌లైన్’ అని రాసి ఉంది. పెళ్ళికూతురి తండ్రి వెళ్ళి అడిగితే జవాబు తయారు: “సాఫ్ట్‌వేర్ల గ్లిచ్ వచ్చింది సార్. మా చేతుల ఏం లేదు.”

హైదరాబాద్ చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన, అశోక్‌నగర్ సందుల్లో మూడో అంతస్తు గదుల్లో, ఎక్కడ ఎడిటింగ్ సిస్టమ్ ఉంటే అక్కడ ఈ మాట ఒకే రాగంలో వినిపిస్తుంది. ఒకప్పుడు వర్షం, కరెంటు, గ్రహచారం కలిసి మోసిన నేరాలన్నీ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్కటే మోస్తోంది. అది ఎదురు చెప్పదు. అడ్వాన్సు వెనక్కి ఇమ్మంటే పలకదు. ఇంతకన్నా అణకువగల ముద్దాయి ఏ పోలీస్‌స్టేషన్‌కీ దొరకడు.

అసలు జరిగింది చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేంత చిన్నది. మెమరీ కార్డులోని క్లిప్పుల్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చెయ్యకుండా, కార్డు మీద నుంచే టైమ్‌లైన్‌లో పడేశారు. మర్నాడు ఇంకో పెళ్ళి ఉంది, కార్డు ఫార్మాట్ కొట్టారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్లిప్పుని తన కడుపులో దాచుకోదు. ఫలానా డ్రైవ్‌లో, ఫలానా ఫోల్డర్‌లో ఉందని చిరునామా మాత్రం రాసుకుంటుంది. చిరునామా పట్టుకుని వెళ్ళింది, అక్కడ ఏమీ లేదు, లేదని ఎర్రగా రాసింది. ఆ గదిలో ఆ రోజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసింది అదొక్కటే.

రీళ్ళ రోజుల్లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో, సుదర్శన్‌లో గానీ దేవిలో గానీ, బొమ్మ మధ్యలో తెగితే హాలు హాలంతా ఒక్క గొంతుతో “ఆపరేటర్!” అని అరిచేది. ఆ తర్వాత ఆయన వంశం గురించి కూడా కొంత ప్రస్తావన వచ్చేది. ప్రొజెక్టర్‌కి గ్లిచ్ వచ్చిందని జాలిపడిన ప్రేక్షకుడు లేడు. రెండు రూపాయల నేల టికెట్ వాడికి ఉన్న పాటి వివేకం, లక్ష రూపాయల పెళ్ళి ప్యాకేజీ తీసుకున్నవాడికి ఎక్కడ పోయిందో తెలియదు.

ఇక సన్మాన సభలు. త్యాగరాయ గానసభలో సాయంత్రం ఎవరికో ఒకరికి శాలువా పడకుండా రోజు గడవదు. బొమ్మ కెమెరాలో, మాట విడిగా రికార్డర్‌లో తీస్తారు, తర్వాత కలుపుతారు. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీసిన బొమ్మని సాఫ్ట్‌వేర్‌లో 29.97 అని పెట్టి ఆడిస్తే గంటకు 3.6 సెకన్లు వెనకబడుతుంది. రెండున్నర గంటల సభ ముగిసేసరికి తేడా 9 సెకన్లు. శాలువా ఇంకా మడతలోనే ఉంటుంది, చప్పట్లు మోగిపోతాయి. వక్త మైకు దగ్గరికి నడిచి వస్తుండగానే “ఇంతటితో ముగిస్తున్నాను” అని వినపడుతుంది. ఇది గానసభ శ్రోతలు ఏళ్ళ తరబడి కోరుకుంటున్న సౌకర్యమే కావచ్చు, కానీ సన్మానగ్రహీత డబ్బు కట్టింది దీనికి కాదు. సెల్‌ఫోనుతో తీస్తే మరీ ఘోరం. వెలుతురు తగ్గగానే అది ఫ్రేముల సంఖ్యని తనకు తానే మార్చేసుకుంటుంది. ఎడిటింగ్‌కి ముందు హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో వేసి ఫ్రేములు స్థిరంగా ఉండేలా మార్చుకుంటే చాలావరకు పోయే జబ్బు ఇది. కానీ అది చెయ్యాలంటే ముందు జబ్బు ఫలానా అని ఒప్పుకోవాలి. గ్లిచ్ అంటే ఆ బాధ లేదు.

జబ్బు తెలియకపోయినా వైద్యం మాత్రం ఘనంగా సాగుతుంది. మొదట సిస్టమ్ రీస్టార్ట్. లొంగకపోతే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్. అదీ కాకపోతే గదిలో అందరికంటే సీనియర్ లేచి గంభీరంగా “ఫార్మాట్ కొట్టాలె” అంటాడు. ఆఖరున కొత్త సిస్టమ్, దాని ఖర్చులో కొంత వచ్చే పెళ్ళివాళ్ళ బిల్లులో. ఈ తతంగమంతా నడుస్తుండగా తెర మీద చిన్న పెట్టె ఒకటి ఎక్స్‌పోర్ట్ ఏ నిమిషం, ఏ సెకను దగ్గర ఆగిందో టైమ్‌కోడ్‌తో సహా చూపిస్తూనే ఉంటుంది. 42వ నిమిషం దగ్గర ఆగిందంటే అక్కడి క్లిప్పో, దాని మీద వేసిన ఎఫెక్టో చెడిందని మొదటి అనుమానం రావాలి. మనవాళ్ళు ఆ పెట్టెని ఫోనులో ఫొటో తీసి, వాట్సాప్‌లో నలుగురికి పంపి, చదవకుండా ‘ఓకే’ నొక్కుతారు.

ఉద్యోగ పరీక్షలకు చదివే అశోక్‌నగర్ పిల్లలు ఇంతకంటే పెద్ద రీఇన్‌స్టాల్ చూశారు. 2022 అక్టోబర్ 16న తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు, రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ రాశారు, అదీ రద్దయింది. 2024 జూన్ 9న మూడోసారి రాశారు. అయినా అక్కడ కూడా ఎందుకని అడిగినవాళ్ళున్నారు. మొదటిసారి పేపర్ లీకేజీ అని తేలింది, రెండోసారి బయోమెట్రిక్ తీసుకోలేదని హైకోర్టు పట్టుకుంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ కూడా చెప్పుకోలేని సాకుని వీధి చివరి స్టూడియో రోజూ చెప్పుకుంటోంది.

అశోక్‌నగర్ అన్నాం కాబట్టి కోచింగ్ సెంటర్ల స్టూడియోల్లోకి కూడా తొంగి చూడాలి. 2013లో సివిల్స్ మెయిన్స్ సిలబస్‌లోకి 250 మార్కులతో నీతి, నిజాయితీల పేపర్ వచ్చింది. అదే ఏడాది ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చేసే అడోబీ కంపెనీ తన కొత్త వెర్షన్లని ఒకేసారి అమ్మే పద్ధతి మానేసి అద్దెకే ఇవ్వడం మొదలుపెట్టింది. నీతి సిలబస్‌లోకి, సాఫ్ట్‌వేర్ క్రాక్‌లోకి ఇంచుమించు కలిసే ప్రవేశించాయి. సార్ బోర్డు దగ్గర నిలబడి ప్రజాసేవలో నిజాయితీ గురించి మూడు గంటలు చెబుతారు. ఆ మూడు గంటలూ దొంగ ప్రీమియర్ ప్రోలో కట్ అవుతాయి.

ఈ క్రాక్‌కి ఉన్నన్ని నియమాలు ఏ నోముకీ లేవు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ ఆపాలి. యాంటీవైరస్‌ని నిద్రపుచ్చాలి. అప్‌డేట్ కావాలా అని అడిగితే పలకకూడదు. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ జోలికి పోకూడదు. ఇన్ని కట్లు కట్టి, లోపలి తాళం ఎవడో ఊడబీకిన సరుకు తెచ్చుకుని, అది ఎక్స్‌పోర్ట్ 98 శాతం దగ్గర ఆగితే ‘అడోబీల బగ్ ఉంది’ అని తిట్టడం ఒక కళ. అద్దె కట్టలేని చిన్న ఎడిటర్ మీద నాకు కోపం లేదు. నెలనెలా అద్దె అతని ఆదాయానికి నిజంగానే బరువు. కానీ డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఉచిత వెర్షన్ ఉంది, కోచింగ్ క్లాసుకి అది కావలసినదానికంటే ఎక్కువే. లక్షల్లో ఫీజు వసూలు చేసే సంస్థకి ఆ మాట చెప్పేవాళ్ళు కూడా లేరా?

అదే క్లాసు వీడియోలో సార్ మొహం మీద నల్లటి పట్టీలు కిందికి పైకి పాకుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. కెమెరా షట్టర్ 60లో ఒక వంతు మీద వదిలేస్తే పట్టీలు వస్తాయి, 50లో ఒక వంతు చేస్తే పోతాయి. షూటింగ్ రోజున ఒక చక్రం తిప్పలేదు కాబట్టి ఎడిటింగ్‌లో పట్టీలు చెరిపే ప్లగిన్ వేశారు, దాని బరువుకి సిస్టమ్ హ్యాంగ్ అయింది. ఇదీ గ్లిచ్ ఖాతాలోకే.

ఇక తెలుగు అక్షరాల దగ్గరికి వస్తే నవ్వు కూడా రాదు. టైటిల్ మీద “శ్‌రీరస్‌తు శుభమస్‌తు” అని పడుతుంది, వత్తులన్నీ పక్కకు జారిపడి. “తెలుగు సపోర్ట్ చెయ్యదు సార్” అంటారు. ప్రీమియర్ ప్రో ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ అనే చోట టెక్స్ట్ ఇంజిన్‌ని ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’ మీదికి మార్చి, రామభద్రో మండలో యూనికోడ్ ఫాంటు ఏదైనా పెట్టుకుంటే వత్తులు వాటి చోటికి అవి వెళ్ళి కూర్చుంటాయి. ఆ మీట ఉన్న సంగతి తెలియకుండానే ఎన్ని శుభలేఖల వీడియోలు బయటికి వెళ్ళాయో! అనూ ఫాంటులో కొట్టిన టైటిల్ని ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల కిచిడీ కనిపిస్తుంది, అదీ గ్లిచ్చే. ఇలాగే సాగితే సంబంధాలు చూసేటప్పుడు జాతకంతో పాటు పిల్ల పేరులో వత్తులెన్ని ఉన్నాయో కూడా వాకబు చెయ్యాలి. లావణ్య, స్వప్న, విద్యుల్లత లాంటివాళ్ళకి పెళ్ళి వీడియో యోగం లేనట్టే.

సాఫ్ట్‌వేర్లు సాధుజంతువులని నేను అనడం లేదు. ప్రీమియర్ ప్రో 2017లో 11.1.0 అనే వెర్షన్, క్యాష్ శుభ్రం చెయ్యమంటే తనది కాని ఫైళ్ళు కూడా తుడిచేసిందని, రెండున్నర లక్షల డాలర్ల విలువైన ఫుటేజ్ పోయిందని 2018లో అమెరికాలో ఒక వీడియోగ్రాఫర్ దావా వేశాడు. 2019లో అదే సాఫ్ట్‌వేర్ హఠాత్తుగా పెద్ద శబ్దం చేసి తమ మ్యాక్‌బుక్ ప్రో స్పీకర్లు పగలగొట్టిందని కొందరు మొత్తుకున్నారు. 2011లో యాపిల్ తెచ్చిన ఫైనల్ కట్ ప్రో ఎక్స్ అయితే పాత ఫైనల్ కట్‌లో చేసిన ప్రాజెక్టుల్ని తెరవనే లేదు. అవి నిజమైన గొడవలు. వాటికి వెర్షన్ నంబర్ ఉంది, ఏం చేస్తే ఏమైందో చెప్పగలిగిన మనిషి ఉన్నాడు. నారాయణగూడ గ్లిచ్‌కి మాత్రం ఊరూ పేరూ ఉండవు. అడ్వాన్సు తీసుకున్న తర్వాత, డెలివరీ తేదీకి ముందురోజు సాయంత్రం పుడుతుంది.

పెన్‌డ్రైవ్ గోల కూడా ఒక్క మాటలో అనేస్తాను. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటీ పట్టదు. అది తెలియక, గ్లిచ్ అని చెప్పి మూడు పెన్‌డ్రైవ్‌లు కొనిపించినవాళ్ళున్నారు.

కాబట్టి ఈసారి మీ అబ్బాయి ఉపనయనం వీడియోలో గ్లిచ్ వచ్చిందని ఫోన్ వస్తే కోప్పడకండి, షాపుకి వెళ్ళండి. ఏ వెర్షన్ తమ్ముడూ అని అడగండి. బిల్లు ఉన్న వెర్షనా అని కూడా అడగండి, గొంతు పెంచకుండా. ఏ నిమిషం దగ్గర ఆగిందో పెట్టెలో ఏం రాసిందో చూపించమనండి. ఒరిజినల్ ఫుటేజ్ ఎక్కడుంది, ఎన్ని కాపీలున్నాయి అని అడిగేసరికి మీకు కుర్చీ వేస్తారు, పక్క హోటల్ నుంచి ఇరానీ చాయ్ తెప్పిస్తారు. చాయ్ తాగండి. కాపీలు చూపించేదాకా కుర్చీలోంచి లేవకండి.