పళ్ళెం తిప్పి చూడని కెమెరా

మా రోజుల్లో పాత పింగాణీ కొనడానికి వచ్చినవాళ్ళు పళ్ళెం చేతికందగానే వెనక్కి తిప్పేవాళ్ళు. ముందువైపు గులాబీలున్నాయా, గుర్రబ్బండి ఉందా అన్నది తర్వాతి సంగతి. అడుగున ముద్ర ఏమిటి, అడుగు చుట్టు ఎంత అరిగింది, అంచు ఎక్కడైనా లేచిందా, బాల్ పడిందా, ఇవన్నీ చూసుకునేవాళ్ళు. వెంట్రుకంత సన్నని బీటను మా వ్యాపారంలో బాల్ అంటారు. ఆపైన గోటితో ఒకసారి తట్టి, మోత విని, అప్పుడు ధర అడిగేవాళ్ళు. ఇప్పుడు డాక్యుమెంటరీ తీస్తామంటూ మా ఇంటికి వస్తున్న పిల్లలు పళ్ళెం తిప్పడమే లేదు. ముందువైపు చూసి "ఎంత బాగుందో" అంటారు, దీపాలు పెడతారు, కథ చెప్పమంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. మండాల్సిన విషయమే.

మాకు దుకాణం లేదు, బోర్డు లేదు. సికింద్రాబాద్‌లో మా ఇంటి ముందుగదే మా వ్యాపారం. మొదలుపెట్టింది మా మామగారు. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాకు ఆయన నేర్పిన మొదటి పని అల్మారాలో సరుకు దించి, తుడిచి, మళ్ళీ అదే చోట పెట్టడం. ఆయన తర్వాత తాళంచెవులు నా చేతికొచ్చాయి.

ఈ సరుకంతా ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. స్వాతంత్ర్యం వచ్చాక తిరుమలగిరి, బొల్లారం బంగళాలు ఖాళీ చేసి ఓడెక్కిన దొరల ఇళ్ళనుంచి కొంత వచ్చింది. 1949లో జాగీర్లు రద్దయ్యాక రాబడి తెగిపోయిన జాగీర్దార్ల దేవిడీలనుంచి కొంత వచ్చింది. లాలాగూడ రైల్వే కాలనీలో ఉండి, ఆ తర్వాతి ఏళ్ళలో ఆస్ట్రేలియాకో ఇంగ్లండ్‌కో తరలిపోయిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలనుంచి కొంత వచ్చింది. సామాను మోసుకెళ్ళలేనివాళ్ళూ, ఇంట్లో పూట గడవనివాళ్ళూ అమ్ముకున్నారు. దీపాలు పెట్టే వేళకు, బురఖా చాటున బుట్ట పెట్టుకుని వచ్చిన పెద్దింటి ఆడవాళ్ళను నేను చూశాను. మా మామగారు వాళ్ళను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, బేరమాడకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవారు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ఏ ఇంటి సరుకో కొనేవాళ్ళకు చెప్పకూడదు. పళ్ళెం అమ్ముకున్నారు, పరువు అమ్ముకోలేదు అనేవారు. ఇవాళ్టికీ నేను ఆ మాట దాటలేదు.

కెమెరా పిల్లలకు కావలసిందేమో సరిగ్గా ఆ ఇంటి పేరే. "అమ్మా, ఇది ఏ నవాబు ఇంటిది? ఆ పేరు చెప్తే సీను నిలబడుతుంది" అంటారు. చెప్పనంటే, "పోనీ నిజాం తిన్న పళ్ళెమని చెప్పండి" అంటారు. ఇంకో అబ్బాయి ఫలక్‌నుమా పేరు తెచ్చాడు. అక్కడ 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది కాబట్టి, ఆ బల్లమీది పళ్ళెమంటే జనం నమ్ముతారట. జనం నమ్ముతారు కాబట్టే చెప్పకూడదు! నోటిమాటతో నిజాం పళ్ళేలు పుట్టించడం మొదలుపెడితే, నిజంగా ఆ ఇళ్ళనుంచి వచ్చినదానికీ నిన్న తయారైనదానికీ తేడా చెప్పేవాడు మిగలడు. మా రోజుల్లో అలాంటి మాట చెప్పి అమ్మినవాడి పేరు ముర్గీచౌక్ నుంచి మోండా మార్కెట్ దాకా వారంలో పాకిపోయేది. మళ్ళీ అతని గడప ఎవరూ తొక్కేవాళ్ళు కాదు.

పళ్ళేనికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. తిప్పితే అదే చెప్తుంది. దిగుమతి సరుకుమీద ఏ దేశంలో తయారైందో రాసి తీరాలని అమెరికా 1890లో మెకిన్లీ సుంకాల చట్టంలో షరతు పెట్టింది. అందుకే 1891 నుంచి ఇంగ్లండ్ పింగాణీ అడుగున 'ఇంగ్లండ్' అన్న మాట సర్వసాధారణమైంది. 'మేడిన్ ఇంగ్లండ్' అని పూర్తిగా ఉంటే అది చాలామటుకు ఇరవయ్యో శతాబ్దపు సరుకు. జపాను కప్పుమీద 'నిప్పాన్' అని ఉంటే 1921కి ముందుదన్నమాట. ఆ ఏడు నుంచి అమెరికా 'జపాన్' అనే రాయమంది. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే యుద్ధంలో ఓడి, 1952లో మళ్ళీ స్వతంత్రమయ్యేలోపు ఆ దేశం చేసుకున్న సరుకు. ఒక దేశం ఓటమి కప్పు అడుగున అచ్చయి ఉంటే, దాన్ని చూపించకుండా పైనున్న పూలను చూపిస్తారా? ముద్రలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. జర్మనీలోని మైసెన్ వారి అడ్డకత్తుల గుర్తును దొంగతనంగా వేసినవాళ్ళు కొల్లలు. అందుకే ముద్రతో పాటు బరువు, గ్లేజు, అరుగుదల అన్నీ కలిపి చూడమనేవారు మామగారు.

నీలం రంగు విల్లో పళ్ళెం కథ ఇంకా బాధాకరం. వంతెన, విల్లో చెట్టు, పైన ఎగురుతున్న రెండు పక్షులు ఉండే బొమ్మ అది. ప్రేమికులు పారిపోయి, చచ్చిపోయి, పక్షులయ్యారన్న చైనా పురాణాన్ని కెమెరా ముందు చెప్పమన్నారు నన్ను. ఆ కథ చైనాలో పుట్టలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ కుండల కార్ఖానాల్లో చైనా బొమ్మలను చూసి ఆ నమూనా గీశారు. కథ ఆ తర్వాత ఇంగ్లండ్‌లోనే అల్లారు. ఈ ముక్క చెప్పి, అసలు విశేషం ఇదీ అని అంచు చూపించాను. రాగిరేకుమీద చెక్కిన బొమ్మను పల్చటి కాగితంమీద అచ్చుతీసి, ఆ కాగితాన్ని పళ్ళేనికి అంటించి రుద్దేవాళ్ళు. అంచు చుట్టూ పట్టీ వేసేటప్పుడు కాగితం రెండు కొసలూ కలిసే చోట గీతలు పొసగవు. ఒక తీగ సగంలో తెగి, పక్కన అర అంగుళం దూరంలో మళ్ళీ మొదలవుతుంది. కత్తెర పట్టుకుని, కాగితం సరిపోక కాస్త జరిపి అతికించిన మనిషి చెయ్యి అక్కడ కనిపిస్తుంది. ఇంత దగ్గరగా చూపించగల కటకాలు ఇవాళ వాళ్ళ పెట్టెల్లో ఉన్నాయి. తీయమన్నాను. "కథే బాగుంటుందమ్మా" అన్నారు.

మా మామగారు ఉన్న రోజుల్లోనూ ఒక బృందం వచ్చింది. అప్పుడు ఫిల్మ్ మీద తీసేవాళ్ళు. 16 మిల్లీమీటర్ల కెమెరాలో 400 అడుగుల రీలు వేస్తే 11 నిమిషాల్లో అయిపోయేది. రీలు ఖరీదు, కడిగించడం ఖరీదు, కడిగించి వచ్చేదాకా ఏం పడిందో తెలియదు. అందుకని ఆ దర్శకుడు ముందు కెమెరా లేకుండానే వచ్చాడు. మూల కుర్చీలో కూర్చుని మామగారు కొనడం, అమ్మడం, కాదనడం అన్నీ చూశాడు. కప్పు పట్టుకోవాలంటే చెవిని కాదు, ఒంటిని పట్టుకోవాలని నేర్చుకున్నాడు. ఏది తీయాలో తేల్చుకున్నాకే కెమెరా తెచ్చాడు. ఆయన ఎక్కువసేపు తీసింది దేన్నో తెలుసా? పగిలి అతుకు వేసిన ఒక పెద్ద వడ్డన పళ్ళేన్ని.

అది ఇప్పటికీ మా అల్మారాలో ఉంది. మధ్యకు రెండుగా పగిలింది. వెనకవైపు బీట పొడవునా ఇత్తడి కమ్మీలు వరసగా కనిపిస్తాయి. ఆ పని చేసేవాళ్ళు గొంతుక్కూర్చుని, పళ్ళెం ముక్కను పాదాల మధ్య బిగించి, విల్లులాంటి కర్రకు కట్టిన తాడుతో బరమా తిప్పేవాళ్ళు. బరమా మొనకు వజ్రపు రవ్వ. రంధ్రం మందంలో సగం వరకే పడాలి, ఇవతలికి రాకూడదు. తర్వాత కమ్మీని రంధ్రాల మధ్య దూరం కన్నా పిసరంత పొట్టిగా వంచి, లాగి దిగేస్తే రెండు ముక్కలూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడేవి. ఆ పళ్ళెంలో పులుసు పోసినా కారేది కాదు. ఇవాళ మా ఊళ్ళో ఆ పని చేసేవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. ఇది తీయండి, ఇలాంటిది మళ్ళీ దొరకదు అంటే, ఇప్పటి కెమెరామన్ చూసి "పగిలిపోయింది కదమ్మా, బాగున్నది ఇవ్వండి" అన్నాడు.

ఇప్పుడు రీలు ఖర్చు లేదు. గంటలకొద్దీ కార్డు నింపవచ్చు. ఆ సౌకర్యం వచ్చింది కాబట్టి ఇంకా ఓపికగా చూస్తారనుకున్నాను. జరిగింది వేరు. అన్నీ తీసేయవచ్చు కాబట్టి ఏదీ చూడనక్కర్లేదనుకుంటున్నారు. వచ్చీ రాగానే అల్మారా జరపమన్నారు. శబ్దం పడుతుందని నడివేసవిలో ఫ్యాన్లు ఆపించారు. ఏళ్ళతరబడి ఉన్న వరస కదిపి, రంగుల పొందిక కోసం ఇంగ్లండ్ స్టాఫర్డ్‌షైర్ పళ్ళేల మధ్య జపాను టీ సెట్టు దూర్చారు. ఆపైన వాళ్ళ అసిస్టెంటు పిల్లను కొనడానికి వచ్చినదానిలా కూర్చోబెట్టి, నన్ను బేరమాడమన్నారు.

అదే సమయానికి నిజంగా కొనడానికి ఒకామె వచ్చింది. వాళ్ళ అత్తగారి సెట్టులో ఒక సాసరు పగిలిందట. దానికి జోడీ దొరుకుతుందేమోనని మిగిలిన కప్పును పాత చీర ముక్కలో చుట్టుకుని ఆటోలో వచ్చింది. నేను లేవబోయేలోపు వాళ్ళలో ఒకరు గుమ్మం దగ్గరికి వెళ్ళి, షూటింగు నడుస్తోంది, వెలుతురు పోతోంది, తర్వాత రమ్మని పంపేశారు. నేను వీధి దాకా వెళ్ళి చూసేసరికి ఆటో మలుపు తిరిగింది. ఆమె మళ్ళీ రాలేదు. మా వ్యాపారం ఏమిటో ఆ గుమ్మంలో నిలబడి ఉంటే, దాన్ని వెళ్ళగొట్టి నటించేదాన్ని తీశారు. ఆ రోజుకు నేను తలుపు మూసేశాను.

మా పనిలో అమ్మడం కన్నా చెప్పడం ముఖ్యం. బాల్ ఉంటే కొనేవాళ్ళు కనిపెట్టకముందే మేమే చూపించాలి. మంచి పింగాణీని తడితే చిన్న గుడిగంటలా మోగుతుంది, బాల్ ఉంటే మొద్దుగా పలుకుతుంది. ఆ రెండు మోతలూ పక్కపక్కనే వినిపించి, తక్కువ ధర చెప్పాలి. బోన్ చైనా అయితే, అందులో దాదాపు సగం పశువుల ఎముకల బూడిదని శాకాహారం, మడి పాటించే ఇళ్ళవాళ్ళకు ముందే చెప్పాలి. తెలిశాక వద్దని వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో. వెళ్ళిపోనీ. పాత పళ్ళేలమీద గ్లేజు పైన వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు, వాటిలో చింతపండు పులుసు, నిమ్మకాయ పచ్చడి పెట్టుకోవద్దని చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువులు దేశం దాటించకూడదు, అమ్మేవాళ్ళకు లైసెన్సు ఉండాలి. అమెరికాలో ఉన్న కూతురికి పంపుతామన్నవాళ్ళకు అది కూడా చెప్పాలి. 1920ల్లో చేసిన టీ సెట్లు ఒక్కొక్కటిగా ఆ వందేళ్ళ గీత దాటుతున్నాయి మరి.

ఈ మాటల్లో ఒక్కటీ వాళ్ళ కెమెరాకు పనికిరాలేదు. "ఇవన్నీ వద్దమ్మా, మూడ్ పోతుంది" అన్నారు. సరుకు లోపం దాచి అమ్మేవాడిని మోసగాడంటాం కదా! లోపం చూపించే మనిషిని తీస్తూ ఆ చూపించడాన్నే కోసేస్తే, దాన్ని ఏమనాలి?

ఆ పిల్లలు చెడ్డవాళ్ళు కారు. వెళ్ళేటప్పుడు కాళ్ళకు దణ్ణం పెట్టారు. పనిలోకి దిగేముందు ఆగి చూడమని వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ ముందు ఒక పూట నిలబడి రమ్మన్నాను. లేతాకుపచ్చ సెలడాన్ పళ్ళేలుంటాయి. విషం పడితే అవి రంగు మారతాయని, చిట్లుతాయని పాతకాలం ప్రభువులు నమ్మేవాళ్ళు. ఆ నమ్మకం నిజం కాదు. కానీ నమ్మినవాళ్ళు తినే ముందు పళ్ళేన్ని కళ్ళారా చూసేవాళ్ళు. ఆ చూపు ఈ కెమెరాలకు రావాలి.

నన్ను మళ్ళీ తీయాలనుకునేవాళ్ళు రావచ్చు. మొదటిసారి కెమెరా లేకుండా రండి. చేతులు కడుక్కుని, ఉంగరాలు తీసి, ప్రతి పళ్ళేన్నీ తిప్పి చూడండి. ఇంటి పేర్లు అడగొద్దు. గుమ్మంలోకి కొనేవాళ్ళు వస్తే మీరు పక్కకు తప్పుకోండి. పగిలినదాన్ని కూడా తీయండి. దీనికి ఒప్పుకుంటే మీకు కావలసినన్ని రోజులు కూర్చుని చెప్తాను, టీ నేనే పెట్టిస్తాను. ఒప్పుకోనివాళ్ళకు నా అల్మారా తాళం తీయను.