బ్యాటరీ మేలుకుంది, కాపలా పడుకుంది

పాపం, బ్యాటరీ. నోరు లేదుగా, ఎంత నింద వేసినా మోస్తుంది.

2019 సెప్టెంబరు 2. కాలిఫోర్నియా తీరం, శాంతాక్రూజ్ దీవి పక్కన ‘కన్సెప్షన్’ అనే 75 అడుగుల పడవ లంగరేసుకుని ఉంది. డైవింగ్ సరదాకొచ్చిన 33 మంది, సిబ్బందిలో ఒకరు కింది అరలో రైలు బెర్తుల్లాంటి మంచాల మీద నిద్రపోతున్నారు. వాళ్ల నెత్తిమీది హాల్లో ఫోన్లు, కెమెరాలు, టార్చిలైట్లు ఛార్జింగులో ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటప్పుడు మంటలు. 34 మందీ పోయారు. బయటపడటానికి దారులు రెండున్నాయి. భేష్! రెండూ తేలేది మాత్రం తగలబడుతున్న ఆ హాల్లోకే.

మంట దేనివల్ల పుట్టిందో విచారణలో ఇదమిత్థంగా తేలలేదు. పడవే కాలి మునిగాక సాక్ష్యం ఎక్కడిది? లిథియం బ్యాటరీల మీద అనుమానం మిగిలింది. వాటిని నేను వెనకేసుకు రావడం లేదు. ఒక సెల్లు వేడెక్కి పేలితే పక్కదాన్ని అంటిస్తుంది, అది ఇంకోదాన్ని. పైమంట ఆర్పినా లోవేడి చల్లారదు. ఆరిందనుకున్నది మళ్లీ రాజుకుంటుంది. నీళ్లు గుమ్మరిస్తూనే ఉండాలి. సరే, గుమ్మరించాలంటే ముందు ఎవడో ఒకడు చూడాలిగా?

రాత్రంతా ఒకరు పడవలో తిరుగుతూ కాపలా కాయాలని అనుమతిపత్రంలోనే ఉంది. కాశారా? కెప్టెన్‌తో సహా మిగిలిన ఐదుగురూ పైన గుర్రుపెట్టారు. లేచాక నీళ్లలోకి ముందు దూకిందెవరు? సాక్షాత్తూ సరంగుగారే!

మరి కోస్ట్ గార్డు? 1991 నుంచి ఈ ప్రమాదం దాకా, రాత్రి కాపలా పెట్టలేదని ఒక్కరికంటే ఒక్కరికీ జరిమానా వెయ్యలేదు. అమెరికా పడవలవాళ్లు అంత బుద్ధిమంతులన్నమాట! (నవ్వకండి. అదే నెల్లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక తనిఖీల గురించి మనవాళ్లు ఎంత గొంతు చించుకున్నారో గుర్తుందా?)

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు తెలిసిందే. ఈ పడవ యజమానులు పట్టుకున్నది 1851 నాటి చట్టాన్ని. శవాలన్నీ దొరక్కముందే, మూడో రోజున కోర్టుకెక్కారు. ప్రమాదం తర్వాత పడవ ధర ఎంతో, యజమాని బాధ్యత అంతేనంటుంది ఆ చట్టం. టైటానిక్ ఓనర్లూ ఒకప్పుడు ఈ గొడుగు కిందే దాక్కున్నారు. కాలి మునిగిన పడవ ధరెంత? సున్నా. 34 ప్రాణాల్ని సున్నాతో హెచ్చవేసి చూడండి.

చిన్న ప్రయాణికుల పడవలకు ఆ గొడుగు లాగేస్తూ 2022లో కొత్త చట్టం తెచ్చారు. ఈ 34 మంది కుటుంబాలకు అది వర్తించదట. కెప్టెన్‌కు 2024లో నాలుగేళ్ల జైలు పడింది.

ఇంకో సంస్కరణా ఉందండోయ్. కాపలావాడు మేలుకునే ఉన్నాడా లేదా అని కనిపెట్టే పరికరం పెట్టాలంటోంది ఇంకో చట్టం. మనిషిని కాయడానికి మిషను! దాన్ని దేంతో నడుపుతారో మాత్రం అడక్కండి.