గేట్ నంబర్ 4 గారికి బహిరంగ లేఖ

పాకిస్తాన్ సైనిక ప్రధాన కార్యాలయం, రావల్పిండి, గేట్ నంబర్ 4 గారి దివ్యసముఖానికి,



సరిహద్దుకు ఇవతల వాళ్లం, మాకెందుకీ పెత్తనం అనుకోకండి. మీ పాత పరిచయస్తుడు షేక్ రషీద్ అహ్మద్ గారి ఎన్నికల ఖాతాలో ఒక లెక్క తేలడం లేదు. నోట్లో సిగార్, మాటలో వెటకారం, ఇల్లు లాల్ హవేలీ. మీతో, అంటే సైన్యంతో, చుట్టరికాన్ని ఆయన దాచుకోలేదు సరికదా, టీవీల్లో చాటింపు వేసుకున్నారు. మిగతా నాయకులూ మీ నర్సరీ మొక్కలేనని ఎద్దేవా చేశారు. మీరు ఖండించినట్టూ లేదు. గేట్లు మాట్లాడవు కదా.

1985లో సైనిక పాలకుడు జనరల్ జియా పార్టీలు లేని ఎన్నికలు పెట్టినప్పుడు ఆయన తొలిసారి జాతీయ అసెంబ్లీకి వెళ్లారు. 2018 దాకా ఎనిమిది సార్వత్రిక ఎన్నికల్లో గెలుపులు, అన్నీ రావల్పిండి నుంచే. ఇందులో మీ చలవ ఎంత, ఆ ఊరి బోహర్ బజార్ జనం చలవ ఎంత? 1988లో ఆయన ఓడించింది పీపుల్స్ పార్టీ తరఫున నిలబడ్డ జనరల్ టిక్కా ఖాన్‌ని. అంటే ఒకప్పుడు మీరు సెల్యూట్ కొట్టి లోపలికి పంపిన మాజీ సైన్యాధిపతిని! ఆ గెలుపు మాత్రం జనం ఖాతాలోనే వేయాలి.

2002లో మాజీ ప్రధాని నవాజ్ షరీఫ్ దేశంలో లేరు, ఆయన పార్టీ రషీద్ గారికి టికెట్ ఇవ్వలేదు. రషీద్ గారు స్వతంత్రుడిగా రెండు సీట్లలో దిగారు. గెలుపు నవాజ్‌కే కానుక అంటూ ఓట్లడిగారు, రెండూ గెలిచారు, తిన్నగా వెళ్లి సైనిక పాలకుడు ముషారఫ్ కొలువులో సమాచార మంత్రి అయ్యారు. జంప్ జిలానీలకు మా దగ్గరా కరువు లేదు కాబట్టి గోడ దూకడం మీద మీకు నీతులు చెప్పం. ఆ రెండింట్లో రషీద్ గారు వదిలేసిన సీటు ఉప ఎన్నికలో హనీఫ్ అబ్బాసీ అనే ఆయన చేతికి పోయింది. ఈ పేరు మళ్లీ వస్తుంది.

2008లో మీ ముషారఫ్ గారు ఇంకా అధ్యక్ష పీఠం మీదే ఉన్నారు. అయినా రషీద్ గారు రెండు చోట్లా ఓడారు, ఒకచోట నవాజ్ పార్టీ నేత జావేద్ హష్మీ చేతిలో, మరోచోట ఇదే అబ్బాసీ చేతిలో. తర్వాత ఆ సీట్లలో ఒకదానికి ఉప ఎన్నిక ఎందుకొచ్చిందో తెలుసా? హష్మీ ఖాళీ చేశాక గెలిచిన సభ్యుడు డిగ్రీ పరీక్ష మరొకరితో రాయించారన్న గొడవలో రాజీనామా చేయాల్సి వచ్చింది. అంత చక్కని అవకాశం దొరికినా 2010లో మనవాడు మళ్లీ ఓడారు. అప్పటికే సొంత పార్టీ పెట్టుకున్నారు, అవామీ ముస్లిం లీగ్. గుర్తు కలం, సిరాబుడ్డి. కార్యకర్తలెవరని అడిగితే ఆయనే.

ఆ మనిషిని జనం ఎందుకు మోశారో 2016 అక్టోబరు 28న కనిపించింది. ఇమ్రాన్ ఖాన్ ఆందోళనకు ముందు పోలీసులు దారులన్నీ మూసేశారు. రషీద్ గారు ఎవరిదో మోటారు సైకిలెక్కి కమిటీ చౌక్‌లో ప్రత్యక్షమయ్యారు, ఒక టీవీ చానల్ బండి పైకెక్కి కూర్చుని సిగార్ ముట్టించారు, నాలుగు మాటలు మాట్లాడి మాయమయ్యారు. అరవై దాటిన వయసులో! ఆయన రాజకీయం నాకు గిట్టదు. ఆ తెగువ మాత్రం ఏ గేటూ ఇచ్చింది కాదు.

2013లో, 2018లో ఇమ్రాన్ మద్దతుతో గెలిచి రైల్వే, ఆ తర్వాత హోం శాఖలు చూశారు. 2023లో రషీద్ గారిని ఎవరో ఎత్తుకెళ్లారు. వారాల తర్వాత టీవీలో కనిపించి చిల్లా చేశానన్నారు, అంటే నలభై రోజుల ధ్యానం. ఎక్కడ, ఎవరి సన్నిధిలో అన్నది మీకు తెలిసే ఉంటుంది. 2024 ఫిబ్రవరి 8న పోలింగ్ నాటికి జైల్లో ఉన్నారు. బ్యాట్ గుర్తు పోగొట్టుకున్న ఇమ్రాన్ పార్టీ కూడా అక్కడ వేరే అభ్యర్థిని నిలబెట్టింది. రషీద్ గారు చిత్తుగా ఓడారు, అబ్బాసీ గెలిచినట్టు ప్రకటించారు. ఆ ఏడాది పోలింగ్ కేంద్రాల లెక్క చెప్పే ఫారం 45కీ, నియోజకవర్గం మొత్తం లెక్క చెప్పే ఫారం 47కీ పొంతన లేదన్న రభస దేశమంతా సాగింది, దాని జోలికి నేను పోను.

కాబట్టి మనవి ఏమిటంటే, ఈసారి ఇంకొకరి భుజం మీద తుపాకీ పెట్టకుండా మీరే నామినేషన్ వేయండి. గుర్తు వెతుక్కోనక్కర్లేదు, గేటు బొమ్మ చాలు. డిపాజిట్ కట్టండి, బోహర్ బజార్ సందుల్లో చెమటోడుస్తూ తిరగండి, టీ కొట్టు దగ్గర తిట్లు తినండి. రషీద్ గారు దశాబ్దాల పాటు చేసిన పనే. ఓడితే కోర్టుకు వెళ్లే హక్కు మీకూ ఉంటుంది.

ఇట్లు,
గేటు బయట నిలబడ్డ ఒక పక్కింటి వోటరు

తా.క.: రషీద్ గారు రెండుసార్లు ఏలిన రైల్వే శాఖ 2025లో హనీఫ్ అబ్బాసీకి దక్కింది. లెవెల్ క్రాసింగ్ గేట్లు ఎప్పుడు మూస్తారో, ఎందుకు మూస్తారో జనానికి ముందే తెలుస్తుంది. వీలు చూసుకుని ఆయన దగ్గర కొంచెం శిక్షణ తీసుకోగలరు.