రెండు ఎముకల సంగతి

ఉడుమలైపేటలో కొత్త బండి కొంటున్నానంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సీటు మారుస్తున్నానని ఒక్క మాట అని చూడండి. టీ అంగట్లో ఉన్నవాళ్లంతా గ్లాసులు కింద పెట్టి ఇటు తిరుగుతారు. ఇంజను గురించి మాట్లాడాలంటే కొంచెమైనా తెలిసుండాలి. సీటు గురించి మాట్లాడడానికి కావలసిన సరంజామా దేవుడు ప్రతివాడికీ పుట్టుకతోనే ఇచ్చి పంపాడు.

లారీ తోలే మా చిన్నాయన, చెక్కపూసల కవరు తప్ప తక్కినవేవీ మనిషి కూర్చోదగ్గవి కావని తీర్పు చెప్పేశాడు. ఇంకొకాయన గొర్రెతోలు పరుచుకోమన్నాడు. మా ఊరి ఎండకి గొర్రె కూడా ఆ తోలు విప్పి పక్కన పెట్టాలనుకుంటుందని ఆయనకి తట్టలేదు. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన మాత్రం, "తప్పు సీటుది కాదబ్బయ్యా, నీది. నడుము నిటారుగా పెట్టి కూసో" అన్నాడు. ఆయన బండి ఎక్కడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు తిరిగేదంతా కొడుకు కార్లోనే.

నా సీటు బాధ ఊరికే వచ్చింది కాదు. డ్రిప్పు సామాన్లు అమ్మడం నా ఉద్యోగం. పొద్దున మడత్తుకుళం, మధ్యాహ్నం పెదప్పంపట్టి, సాయంత్రం తళి. 2009లో మా ఊరిని కోయంబత్తూరు జిల్లానించి తీసి తిరుప్పూరు జిల్లాలో కలిపారు గాని, ఆ సంగతి కొబ్బరితోటల మధ్య దారులకి ఎవరు చెబుతారు? తోటదారి అంటే ట్రాక్టరు చక్రాలు తొక్కిన రెండు పల్లాలు, మధ్యలో ఒక గట్టు, ఆ గట్టు మీద ఎండిన కొబ్బరిమట్ట. దీనికి తోడు ఆడిమాసం గాలి. పాలక్కాడు కనుమలోంచి దూసుకొచ్చే ఆ గాలి మా గాలిమరలకి కరెంటు ఇస్తుంది, బండి మీదున్నవాడికి పక్కనించి ఒక తోపు ఇస్తుంది. దానికి నిలదొక్కుకోవాలని తొడలు బిగిస్తాం. బిగించినకొద్దీ సీటులో ఉన్న లోపాలన్నీ పేరుపేరునా పలకరిస్తాయి.

నా అవస్థ విని మా బామ్మర్ది బెంగళూరునించి ఒక జెల్లీ సీటు పంపించాడు. పైన నల్లగుడ్డ, లోపల నీలంరంగు జెల్లీ. పంపింది బామ్మర్ది గనక బాగుందనాలి. నిజానికి బాగానే ఉంది కూడా. ఇంటి ముందర దాని మీద కూర్చున్న ప్రతివాడూ "అబ్బా" అనకుండా లేవలేదు. పాలు పోసే ఆవిడ వేలితో ఒకసారి నొక్కి చూసి, "శానా మెత్తంగుండాదే!" అని, చెంబు కింద పెట్టి మళ్లీ నొక్కింది. అదే సీటు మీద తిరుమూర్తి కొండ దారి పట్టాను. తళి దాటేసరికి ఆ జెల్లీ నిన్నటి ఇడ్లీ అయి కూర్చుంది.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. అంగట్లో సీటు మీద మనం కూర్చునేది రెండు నిమిషాలు. రెండు నిమిషాల పరీక్షలో ఎప్పుడూ మెత్తనిదే ఫస్టు వస్తుంది. గంట తర్వాత పెట్టే పరీక్షకి అంగడివాడూ ఉండడు, బిల్లు వెనక్కి తీసుకునేవాడూ ఉండడు. మనిషి కూర్చున్నప్పుడు ఒంటి బరువు మోసేవి తుంటి అడుగునుండే రెండు ఎముకలు. నమ్మకం కుదరకపోతే గట్టి బల్ల మీద కూర్చుని రెండు అరచేతులూ కిందకి పోనిచ్చి చూడండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూడడం మంచిది. రెండు బుడిపెలు చేతికి తగులుతాయి. సీటు మరీ మెత్తనిదైతే ఆ రెండూ ఫోములో మునిగి అడుగు రేకుదాకా పోతాయి. అవి మునిగినకొద్దీ చుట్టూ ఉన్న ఫోము పైకి లేచి, బరువు మోసే అలవాటు లేని కండని, తొడవెనక నరాలని నొక్కుతుంది. కాళ్లకి తిమ్మిరెక్కేది అందుకే. అప్పుడు మనం బండి దిగి, "ఛీ, ఇదేం సీటు, రాయి!" అంటాం. పాపం, దాని నేరం మెత్తగా ఉండడమే.

ఫోము సంగతి ఇంకా తమాషా. కొట్టువాడు "నలభై డెన్సిటీ అన్నా" అంటాడు. నలభై అంటే ముప్పై రెండు కన్నా గట్టిదని మనం తలూపుతాం. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందని చెప్పే లెక్క. గట్టిదనాన్ని కొలిచే లెక్క వేరే. బరువైన ఫోము మెత్తగానూ ఉండొచ్చు, తేలికది బిగువుగానూ ఉండొచ్చు. బరువైనదాంట్లో ఉన్న సుగుణమల్లా తొందరగా చితికిపోకపోవడం. ఇదంతా తెలుసుకున్నాక టీ అంగట్లో వివరించబోయాను. "అదంతా సరే, గట్టిదా మెత్తదా అది సెప్పు" అన్నారు.

మా తాత దున్నిన ట్రాక్టరుది ఇనప సీటు. చిల్లులు పెట్టిన రేకుని కూర్చునే ఆకారానికి వంచి, కింద ఒక ఉక్కుపట్టీ బిగించి ఇచ్చారు. ఫోము లేదు, రెగ్జిన్ లేదు. ఎండలో నిలబెడితే ముందు తడి తువ్వాలు పరిచి, అది 'సుయ్' మన్నాక కూర్చోవాలి. ఆయన దాని మీద పొద్దుగూకేదాకా దున్ని, దిగి, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. నేను సోఫాలో ఒక సినిమా చూసి లేవాలంటే ఎవరైనా చెయ్యి అందించాలి. ఆ సీటులో ఉన్నది మెత్తదనం కాదు, కొలత. బుల్లెట్ వాళ్లు కూడా ఒకప్పుడు స్ప్రింగుల్ని నమ్ముకున్నారు. 1955లో మద్రాసులో తయారీ మొదలైన బండి అది. పాతవాటిలో నడిపేవాడికి స్ప్రింగుల మీద విడి సీటుండేది. 2009లో క్లాసిక్ అని తెచ్చినప్పుడు మళ్లీ ఆ స్ప్రింగుల్నే వెతికి పెట్టారు. ఫోము చేయలేని పని స్ప్రింగు చేస్తుంది, గుంత దెబ్బ ఎముకదాకా రాకముందే మింగేస్తుంది. కిర్రుమంటుంది, అదొక్కటే చిక్కు.

మెమరీ ఫోము వేయించమన్నవాళ్లూ ఉన్నారు. అది 1966లో చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు నాసా ఏమ్స్ కేంద్రం కోసం విమానం సీట్లకని తయారుచేసిన సరుకు. నాసా పేరు వినగానే మా చిన్నాయన కూడా చెక్కపూసల పక్షం వదిలి కాసేపు ఇటొచ్చాడు. దాని గుణం ఒకటుంది. వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. ఉడుమలై ఎండలో బయలుదేరేటప్పుడు సీటులోకి దిగబడిపోతాం. చిన్నార్ చెక్‌పోస్టు దాటి, మరయూరు గంధపుచెట్లు దాటి, మున్నారు మంచులోకి ఎక్కేసరికి అదే సీటు మొండికేస్తుంది. ఆ మధ్యలో ఏనుగు రోడ్డుకి అడ్డంగా నిలబడితే, కదలకుండా కూర్చుని సీటుని పరీక్షించుకునే భాగ్యం ఉచితం. అప్పుడు మాత్రం ఎవరికీ ఏ ఎముకా గుర్తుండదు.

కూర్చోవడాన్ని సాధనగా చేసేవాళ్లు అమెరికాలో ఉన్నారు. ఐరన్ బట్ అని ఒక సంఘం. పేరుని తెలుగులో చెప్పమని మా అవ్వ అడిగింది, చెప్పలేకపోయాను. అందులో చేరాలంటే ఇరవైనాలుగు గంటల్లో 1000 మైళ్లు, అంటే 1600 కిలోమీటర్ల పైచిలుకు బండి మీద పోయి రుజువులు చూపించాలి. మన లెక్కలో సుమారుగా ఉడుమలైలో బయలుదేరి హైదరాబాదు పోయి, అదే ఊపున వెనక్కి తిరిగి, బెంగళూరు దాటి హోసూరు పొలిమేరకి రావడం. అంత కూర్చునేవాళ్లలో చాలామంది బిగువైన సీట్లే కుట్టించుకుంటారు. అవ్వకి ఇదంతా చెబితే, "దిగి రోంతసేపు నడిస్తే పోయేదానికి ఇంత పాటా?" అంది. ఐరన్ బట్ వాళ్లకి తోచని మందు అది.

చివరికి బస్టాండు అవతల ఒక కుషన్ వర్క్స్‌కి పోయాను. గోడ నిండా రెగ్జిన్ చుట్టలు, నేల నిండా ఫోము పొట్టు, గాలి నిండా సొల్యూషన్ కంపు. అన్నీ అరవంలోనే మాట్లాడుకున్నాం. మధ్యలో అతనికి ఫోనొచ్చింది. "మ్మా, నేను తినే వొస్తా, మీరు తినేయండి" అన్నాడు. నేను వెంటనే, "మీరు మనోళ్లా?" అన్నాను. మా పక్క ఇలాగే జరుగుతుంది. నాయకరాజుల కాలంనించీ ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. ఫోను మోగితేగాని ఎవరు ఎవరో తెలియదు. మనోడని తేలింది గదా, రేటు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. కాఫీ వచ్చింది.

అతని పనితీరు చూడవలసిందే. టేపు తియ్యలేదు, నా బరువు అడగలేదు. మూలనించి ఒక అట్టపెట్టె తెచ్చి, విప్పి, బల్ల మీద పరిచి, "దీని పైన కూసో అన్నా. రోంత ముందరికి వంగు, హ్యాండిలు పట్టుకున్నట్టు" అన్నాడు. కూర్చున్నాను. వీధిలో పోయేవాళ్లు ఆగి, లేని హ్యాండిలు పట్టుకుని అట్టముక్క మీద ముందుకి వంగిన నన్ను చూసి పోయారు. లేచాక అట్ట మీద రెండు సొట్టలు. సుద్దముక్కతో రెంటికీ సున్నా చుట్టి, మధ్య దూరం బొటనవేలూ చూపుడువేలూ సాచి కొలిచి, ఆ అట్టని నా పాత సీటు మీద పెట్టాడు. నా ఎముకలు రెండూ సీటు వెడల్పులో పట్టకుండా అంచుల మీద వేలాడుతున్నాయి! ఇన్నాళ్లూ నేను కూర్చున్నది సీటు మీద కాదు, దాని కుట్టు మీద.

"మెత్తదనం కాదన్నా, వెనక వెడల్పు గావాల. ముందర సన్నంగా పెడతా, లేకుంటే కాలు నేలకి అందదు. ఈ వాలు సరి జేస్తా, ఇది నిన్ను ట్యాంకు మీదికి తోస్తా ఉంది" అన్నాడు. అడుగున రంగురంగుల ముక్కలు అతికించి అదిమిన రీబాండెడ్ ఫోము, దాని పైన ఒక వేలు మందం మెత్తనిది, అంతే. చుట్టూ ఇన్ని పీచు మిల్లులున్నాయి గదా, రబ్బరుపాలు కొట్టిన కొబ్బరిపీచు వేయరాదా, ఒకప్పుడు కార్ల సీట్లలో అదేగా ఉండేది, గాలి కూడా ఆడుతుంది అన్నాను. వేస్తాను గాని, బండి సీటు అంచుల వంపుకి అది ముక్కలై రాలిపోతుందన్నాడు. మా కొబ్బరిని కాదన్నందుకు కాస్త బాధేసినా ఒప్పుకున్నాను.

ఇంతలో సంతకి వచ్చిన మా ఆవిడ సంచీలతో సహా అక్కడికే వచ్చింది. నిజానికి సీటులో సగం ఆవిడది. వెనకెక్కేవాళ్లకి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. చీరకట్టి పక్కకి తిరిగి కూర్చునే మనిషికి సీటు ఎలా ఉండాలో మాత్రం ఏ నిబంధనా చెప్పదు. పైగా ఇప్పుడొచ్చే కుర్రకారు బండ్లకి వెనక సీటు గోపురమంత ఎత్తు. గీసినవాడెవడోగాని పెళ్లికాని వాడే అయ్యుంటాడు.

ఆవిడ సంచీలు నా చేతికిచ్చి, సగం కోసిన ఫోము మీద పక్కకి తిరిగి కూర్చుని, రెండుసార్లు జరిగి చూసింది. "తమ్ముడూ, ఈ మెట్టు తీసెయ్. మీ అన్న బ్రేకేసినప్పుడంతా దీని మీదినించి నేను ఆయన వీపు మీదికి జారేది. వెనక్కి చదరంగ పెట్టు. ఇంకొకటి, మధ్యలో ఏదన్నా గుర్తు పెట్టు."

"గుర్తెందుకక్కా?"

"ఆయన చోటు యాడికి అయిపోతాదో ఆయనకి తెలీదు."

అతను నా మొహం చూడకుండా సీటుకి అడ్డంగా తెల్లదారంతో ఒక కుట్టు వేశాడు. దేశాల సరిహద్దులకి ఇంత త్వరగా ఒప్పందం కుదరడం ఎవరూ ఎరగరు.

కొత్త సీటు మీద పళని దాకా పోయొచ్చాం. దిగాక ఇద్దరం ఏమీ అనలేదు. సీటు గురించి ఏమీ అనకపోవడమే సీటుకి వచ్చే పెద్ద సర్టిఫికెట్టు. టీ అంగట్లో చూపిస్తే అందరూ వేళ్లతో నొక్కి, "గట్టిగుండాదే, మోసపోయినావు" అని ఏకగ్రీవంగా తేల్చారు.

జెల్లీ సీటు అరుగు మీద పడి ఉంది. ఒకరోజు కుషన్ వర్క్స్ అతనే ఫోను చేశాడు. "అన్నా, మీ దగ్గర ఆ జెల్లీది ఉంటే ఇస్తారా? ఒకాయన మెత్తంగ ఉండేదే గావాల అంటాడు, ఎంత సెప్పినా వినలేదు."

నేను మళ్లీ ఎముకలు, తిమ్మిరి, తళి రోడ్డు అంటూ మొదలుపెట్టబోతే మా ఆవిడ ఫోను లాక్కుంది. "ఆయన దినానికి ఎంతదూరం పోతాడు తమ్ముడూ?"

"ఇంటినించి టీ అంగడికి అక్కా. ఇల్లు అంగడికి ఎదురుగానే."

"అయితే అది ఆయన కోసమే కుట్టినారు, తీసకపొమ్మను" అని, రేటు ఖాయం చేసి, మా బామ్మర్దికి ఈ సంగతి తెలియకూడదని నాకు చెప్పి లోపలికి పోయింది.