ఐసు పుల్ల ఆత్మకథ

నన్ను చప్పరించి పారేసిన పిల్లాడు రైలెక్కి వెళ్ళిపోయాడు. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, తెల్లదొరల కాలంలో చికాకోల్ రోడ్ అనేవారు. దిగి బయటికొస్తే మాత్రం ఊరు ఆమదాలవలస. ఆ దారిలో వాచీలు బాగుచేసే పెద్దాయన నన్ను వంగి ఏరుకున్నాడు.

"ఏటి మావా, ఎంగిలి పుల్లలు ఏరుకొచ్చినావు?" అన్నాడు పని నేర్చుకుంటున్న మేనల్లుడు.

"పుల్లలు కావురా, మన పనిముట్లు" అన్నాడు మావ.

మమ్మల్ని కడిగి, బరువు కింద పెట్టి నీడన ఆరబెట్టాడు. ఒంటికన్నుతో చూసి వంకరవాటిని తీసి పారేశాడు. మిగిలినవాళ్ళని కిటికీ అద్దం మీద పరిచిన ఉప్పు కాగితంపై చదునయ్యేదాకా రుద్దాడు. మూలల్లో దూరడానికి ఒక కొస ఏటవాలుగా కోశాడు. తర్వాత రెండువైపులా అంటుకునే టేపు వేసి, బళ్ళకి పెయింటింగ్ చేసేవాళ్ళు వాడే నల్లటి వాటర్ పేపర్ని అద్దం మీద బోర్లా పరిచి, దాని మీద మమ్మల్ని అదిమి, చుట్టూ బ్లేడుతో కోశాడు. అద్దం ఎంత చదునో మేమూ అంత చదును. వేలికి కాగితం చుట్టి రుద్దితే అంచులు గుండ్రమైపోతాయి, అందుకే మా అవసరం.

వీపు మీద నంబర్లు పడ్డాయి: 400, 800, 1200, 2000. నంబరు పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది. ఆ గింజ సిలికాన్ కార్బైడ్. దాన్ని తయారుచేసే పద్ధతికి 1893లో అమెరికాలో పేటెంట్ పొందిన ఎడ్వర్డ్ ఆచిసన్ అసలు వెతికింది కృత్రిమ వజ్రం కోసం. నా వంతుకి 2000 వచ్చింది, నా గింజ మిల్లీమీటరులో వందో వంతు. మా చివరి తమ్ముడికి కాగితం బదులు పాత బెల్టు తోలు అంటించారు, వాడి పని మెరుగు పెట్టడం.

ఒకరోజు ఒక ముసలాయన హెచ్‌ఎంటీ జనతా వాచీ తెచ్చాడు. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. 2016లో ఆ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. కొత్త సామాను రాదు కాబట్టి పాతదాన్నే బతికించాలి. కీ సందులోంచి దిగిన చెమట, సముద్రపు గాలి తేమ కలిసి సెట్టింగ్ లివర్ స్ప్రింగుకి తుప్పు పట్టించాయి. గోరంత కూడా లేని ఉక్కు రేకు అది.

మావ దాన్ని పెట్రోలులో కడిగి, మెత్తటి చెక్క ముక్క మీద ఆనించాడు. తుప్పు లోతుగా లేదని 400ని పక్కన పెట్టి, చుక్క నూనెతో 800 మొదలుపెట్టాడు. నంబరు మారినప్పుడల్లా రేకుని కడిగి, అడ్డంగా తిప్పి రుద్దాడు. ముందరి గీతలు పూర్తిగా పోతేనే తర్వాతి పుల్ల. ముతక గింజ ఒక్కటి మిగిలినా నా కష్టమంతా గీత పాలే.

నా వంతు వచ్చేసరికి పుల్ల మేనల్లుడి చేతికిచ్చాడు. "ఒక్క పక్కకే లాగరా. ముందుకీ యెనక్కీ గీకితే గీత సెదిరిపోద్ది."

"ఈ గంటు కూడా రుద్దీమంటావా మావా?"

"దాని జోలికెల్లకు. కీ లాగితే టక్కుమని నిలబెట్టేది అదే. అదరిగిపోతే ముల్లు తిప్పబోయినప్పుడు కీ జారిపోద్ది."

ఆ రోజు నా వృత్తి ధర్మం నాకు తెలిసింది. నేను ఏదీ చేర్చలేను, తీసెయ్యడమే నా పని. ఉక్కు ఒకసారి పోతే పెట్రోలూ నూనే తిరిగి తేలేవు. కాబట్టి ఎంత తీశానన్నది నా గొప్ప కాదు, ఎక్కడ ఆగానన్నదే గొప్ప.

నా కాగితం అరిగినా వెంటనే పీకెయ్యరు. అరిగిన కాగితం ఇంకా నున్నగా రుద్దుతుందని మావకి తెలుసు. చిరిగాక కొత్తది అంటిస్తాడు, పుల్ల మాత్రం అదే.

జనతా వాచీ మళ్ళీ సెకనుకి ఐదుసార్లు కొట్టుకుంటూ ముసలాయన చేతికెక్కింది. వెనక మూత బిగించాక నా పనితనం ఎవరికీ కనబడదు. ఎప్పుడో దాన్ని విప్పిన మెకానిక్కే చూసి మెచ్చుకోవాలి. అంటే నాకు పేరు రావాలంటే ఆ వాచీ చెడిపోవాలన్నమాట. అలాంటి పేరు నాకొద్దు.